వల గోడల నడుమ కడలి

గల్ఫ్ దేశాల్లో ఉపాధి పొందుతున్న మన కుటుంబాలు సెలవు దినాల్లో పిల్లలను డాల్ఫిన్ ప్రదర్శనకు తీసుకువెళ్లడం మామూలే. నీలి కొలనులోంచి పైకెగిరి బంతిని తాకే ఆ ప్రాణిని చూసి పిల్లలు కేరింతలు కొడతారు. దాని నోటి వంపు చిరునవ్వులా కనిపిస్తుంది. నిజానికి అది నవ్వు కాదు, దవడ నిర్మాణమే అటువంటిది. బాధలో ఉన్న డాల్ఫిన్ ముఖమూ అలాగే ఉంటుంది.

ప్రదర్శన ముగిశాక ఆ ప్రాణి ఎలా జీవిస్తుంది? వృద్ధాప్యం వచ్చి ఆటలు ఆడలేని నాడు దాని గతి ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానంగా గత కొన్నేళ్లుగా ప్రపంచంలో ఒక కొత్త ప్రయత్నం సాగుతోంది. సిమెంటు కొలనుకు బదులు, సహజమైన సముద్రపు నీటిలోనే రక్షిత నివాసాలను నిర్మించి, బందీలుగా బ్రతికిన డాల్ఫిన్లను అక్కడికి తరలించడం దాని సారాంశం.

డాల్ఫిన్ చేప కాదు. ఊపిరితిత్తులతో శ్వాసించి, పిల్లకు పాలిచ్చే క్షీరదం. మసక నీటిలో అది కళ్లకంటే శబ్దంతోనే ఎక్కువ చూస్తుంది. తాను చేసే సన్నని ధ్వనులు వస్తువులకు తగిలి తిరిగి వచ్చే తీరును బట్టి ఆ వస్తువుల దూరాన్నీ ఆకారాన్నీ గ్రహిస్తుంది. సముద్రంలో రోజుకు పదుల కిలోమీటర్లు ఈదే ఇటువంటి ప్రాణికి కొలనులో దొరికేది నాలుగు నునుపు గోడలు, క్లోరిన్ కలిపిన నీరు, మోటార్ల హోరు. ఇసుక లేదు, నాచు లేదు, తరిమి పట్టుకోవడానికి ఒక్క బ్రతికిన చేప కూడా లేదు.

అటువంటప్పుడు తలుపు తెరిచి సముద్రంలోకి వదిలేస్తే సరిపోదా అని అడగవచ్చు. దీనికి కైకో కథే జవాబు. కైకో ఒక ఓర్కా. తిమింగలమని పిలిచినా, ఓర్కా డాల్ఫిన్ కుటుంబంలోకెల్లా పెద్ద ప్రాణి. 1979లో ఐస్‌లాండ్ సమీపంలో పసిప్రాయంలో పట్టుబడి, చివరికి మెక్సికోలోని ఒక వినోద ఉద్యానానికి చేరింది. 1993లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంతో లోకప్రసిద్ధమైంది. దానిని విడిపించాలని ప్రపంచ నలుమూలల నుండీ పిల్లలు సైతం విరాళాలు పంపారు. 1998లో ఐస్‌లాండ్‌లోని క్లెట్స్‌విక్ అఖాతంలో వలతో కట్టిన ఆవరణలోకి దానిని చేర్చారు. 2002లో కైకో బహిరంగ సముద్రం దాటి నార్వే తీరానికి చేరింది. కానీ అక్కడ అది వెతికింది తన జాతిని కాదు, మనుషులను. పిల్లలు దాని వీపుపై ఎక్కి ఆడుకున్నారు. 2003 డిసెంబరులో మరణించేవరకూ మనుషుల సంరక్షణలోనే ఉంది. రెండు దశాబ్దాలపాటు మనిషి చేతి ఆహారం తిన్న ప్రాణికి స్వేచ్ఛ ఒక్క రోజులో అలవడదు.

ఇక్కడ మనకు సుపరిచితమైన ఒక హదీసు గుర్తుకు వస్తుంది. ఒక పిల్లిని బంధించి చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైందని దైవప్రవక్త (సఅసం) తెలియజేసిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అందులో ఆమె నేరం రెండు విధాలుగా చెప్పబడింది. ఆమె దానికి తిండి పెట్టలేదు, తన ఆహారం తాను వెతుక్కోవడానికి దానిని వదలనూ లేదు. అంటే బంధించిన వ్యక్తి ముందు రెండు దారులు ఉన్నాయి, పోషించడం లేదా విడిచిపెట్టడం. డాల్ఫిన్ విషయంలో మనిషి చేసిన అన్యాయం మరింత లోతైనది. వేట మరచిపోయేలా చేసి, రెండో దారిని తానే మూసివేశాడు. కనుక మొదటి దారి, అంటే పోషణ, ఇక అతని మెడపై తప్పించుకోలేని బాధ్యతగా మిగిలింది.

హిజ్రీ ఏడవ శతాబ్దపు ధర్మవేత్త ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ జంతువుల హక్కులను వివరిస్తూ, ముసలిదై గానీ జబ్బుపడి గానీ ఇక ప్రయోజనం లేని జంతువుపై సైతం యజమాని ఖర్చు చేయవలసిందేనని రాశారు. టిక్కెట్లు తెచ్చిపెట్టినన్నాళ్లూ పోషించి, ఆ పిదప భారమని తలచే లోకానికి ఈ నియమం కఠినంగానే తోచవచ్చు.

ఈ బాధ్యతను ఆచరణలో పెట్టినవారిలో ఇండోనేషియా ప్రజలు ఉన్నారు. జనసంఖ్య రీత్యా అతిపెద్ద ముస్లిం దేశమైన అక్కడి ఉలమా మండలి 2014లోనే, అంతరించిపోతున్న జీవుల అక్రమ వేట, వ్యాపారం హరామ్ అని ఫత్వా జారీచేసింది. ఆ దేశంలోని బాలి ద్వీపంలో, బన్యువెదాంగ్ అఖాతంలో 2019లో ‘ఉమా లుంబా’ అనే కేంద్రం ఏర్పడింది. ప్రభుత్వ అటవీ శాఖతో జంతు సంరక్షణ సంస్థలు కలిసి దీనిని నెలకొల్పాయి. సంచార సర్కస్‌లో తిరిగి, ఆపై ఒక హోటల్ ఈతకొలనులో ఏళ్ల తరబడి మగ్గిన డాల్ఫిన్లను అక్కడికి తెచ్చారు.

ఇటువంటి నివాసానికి స్థలం ఎంచుకోవడమే సగం పని. తుపాను అలలు నేరుగా తాకని అఖాతం కావాలి. అయితే నీరు నిలిచిపోకూడదు. ఆటుపోట్లు రోజూ మలినాలను కడిగివేయాలి. ఊరి మురుగు కలవకూడదు, పడవల రొద దగ్గర ఉండకూడదు. చెవులతో చూసే ప్రాణికి రొద అంటే మన కళ్లముందు కమ్ముకున్న పొగ వంటిది. లోతు తగినంత ఉండాలి. వల ఎప్పుడూ బిగుతుగా ఉండాలి, వదులైతే ప్రాణి చిక్కుకుంటుంది. దానిపై నాచు, గవ్వపురుగులు పేరుకుంటే నీరు పారదు, కనుక గజ ఈతగాళ్లు తరచూ శుభ్రం చేయవలసి ఉంటుంది. జబ్బుపడిన ప్రాణిని వేరుచేసి చికిత్స చేసే చిన్న ఆవరణ పక్కనే ఉండాలి. బయటి డాల్ఫిన్లకు ఇక్కడి రోగాలు, ఇక్కడి వాటికి బయటి రోగాలు సోకకుండా జాగ్రత్తపడాలి. ఇన్నింటి తరువాత అసలైన భారం ధనం. డాల్ఫిన్ నలభై యేళ్లకు పైబడి జీవించగలదు. ప్రారంభోత్సవానికి చందాలు వస్తాయి, ఇరవయ్యో యేట చేపల ఖర్చుకు రావడం కష్టం.

కొలనులో పుట్టి పెరిగిన ప్రాణికి సముద్రం కూడా భయం గొల్పుతుంది. ఆహారం విషయం మరీ సున్నితమైనది. డాల్ఫిన్ సముద్రపు నీరు తాగదు, ఒంటికి కావలసిన నీటిని చేపల నుండే పొందుతుంది. అందుకని చచ్చిన చేపల నుండి బ్రతికిన చేపలకు మళ్లించే కాలంలో ఆకలితోపాటు దాహాన్నీ గమనించాలి.

తొందరపాటు ఎంత ప్రమాదమో కైకో ఉన్న క్లెట్స్‌విక్ అఖాతమే మరోసారి చూపింది. డాల్ఫిన్ల సమీప బంధువులైన రెండు ఆడ బెలూగా తిమింగలాలను 2019 జూన్‌లో షాంఘై ప్రదర్శనశాల నుండి ఐస్‌లాండ్‌కు విమానంలో తీసుకువచ్చారు. వాటి కోసం 32,000 చదరపు మీటర్ల అఖాతం సిద్ధమైంది. ఒంట్లో కొవ్వు పెంచి చలికి అలవాటు చేశారు. 2020లో అఖాతానికి తరలించినా, తిరిగి లోపలి కొలనుకు చేర్చవలసి వచ్చింది. అమెరికాలోని బాల్టిమోర్ జాతీయ అక్వేరియం తన డాల్ఫిన్లన్నింటినీ 2020లోగా సముద్రతీర ఆశ్రయానికి చేరుస్తామని 2016లో ప్రకటించింది. ఆ గడువు దాటిపోయింది. ఆలస్యమైనందుకు నిందించడం సులభం. కానీ సిద్ధం కాని ప్రాణిని కెమెరాల ముందు సముద్రంలోకి తోసి చప్పట్లు కొట్టించుకోవడం కంటే ఈ ఆలస్యమే మేలని నా అభిప్రాయం.

మన దేశం ఈ చిక్కులో పడకుండానే ఆగింది. 1998లో చెన్నై సమీపానికి విదేశం నుండి తెచ్చిన డాల్ఫిన్లు కొద్ది నెలల్లోనే మరణించాయి. 2013 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ దేశంలో డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు ఆదేశించింది. మళ్లీ కొత్తగా బంధించడం ఆగనిదే, ఎన్ని ఆశ్రయాలు కట్టినా అవి నిండుతూనే ఉంటాయి.

బాలిలోని మూడు డాల్ఫిన్లు, జానీ, రాకీ, రాంబో, మూడేళ్ల శిక్షణ తరువాత బ్రతికిన చేపలను వేటాడడం మళ్లీ నేర్చుకున్నాయి. 2022 సెప్టెంబరు 3న వల తలుపు తెరిచారు. అవి వెంటనే వెళ్లలేదు. దాదాపు గంటసేపు లోపలే తిరుగుతూ ఉండిపోయాయి. పడవల్లో ఉన్నవారు ఎవరూ వాటిని తరమలేదు, చేపలు చూపి పిలవనూ లేదు. ఆ తరువాత అవే మెల్లగా తలుపు దాటి బయటి నీటిలోకి ఈదుకుంటూ వెళ్లాయి.