సాయంత్రం ఏడున్నరకు అమెరికా ఇంటర్వ్యూ

మన సంఘపు కుటుంబాలలో డాక్టరీ చదివిన పిల్లలున్న యిండ్లను ఈనాడు వెదకి చూపనక్కరలేదు. వారిలో కొందరు అమెరికాలో రెసిడెన్సీకి, అనగా అక్కడి ఆసుపత్రిలో జీతంమీద పనిచేస్తూ ఒక విభాగంలో నిపుణత సంపాదించే శిక్షణకు, దరఖాస్తు పెడుతున్నారు. దానికి జరిగే ఇంటర్వ్యూ యిప్పుడు చాలావరకు కంప్యూటరు తెరమీదనే. బరంపురంలో మా అక్కగారి యింట, ఆమె కుమార్తె కోసం, యిటువంటివి రెండేళ్ళపాటు జరిగినవి. అన్నిటికీ మేము ఆ యింట హాజరుగా వున్నాము, తలుపు అవతల.

2020 వరకు పద్ధతి వేరు. బయటి దేశాలలో చదివిన అభ్యర్థులు కూడ, అక్టోబరునుండి జనవరివరకు సాగే ఆ ఇంటర్వ్యూలకు స్వయంగా పోయి, ఊరినుండి ఊరికి తిరగవలసి వుండేది. పిలుపులన్నీ ఒక్కసారి రావు. నేడు ఒకటి వస్తే పదిరోజులకు మరొకటి. చుట్టాల యిండ్లలో బసచేసి, ఒక్క సూటుతో శీతాకాలమంతా గడిపిన పిల్లల సంగతులు మనకు తెలియనివి కావు. 2020లో కోవిడ్ వచ్చినపుడు అమెరికా వైద్య కళాశాలల సంఘంవారు ఇంటర్వ్యూలను తెరమీదనే జరపవలెనని సలహా యిచ్చినారు. వ్యాధి తగ్గినా ఆ పద్ధతి నిలిచినది. రోగిని పరీక్షించి చూపే ఒక పరీక్షకు కూడ అక్కడికే పోవలసి వుండేది. దానిని 2021 జనవరిలో రద్దుచేసినారు.

మా మేనకోడలు అక్కడి ఆసుపత్రిలో పని చూచి సిఫారసు ఉత్తరాలు తెచ్చుకొనుటకు ముందే ఒకసారి రెండు నెలలు పోయివచ్చినది. దానికే మా బావగారు అప్పుచేసినారు. రెండవ ప్రయాణం మాట ఎత్తే స్థితి ఆ యింట లేదు.

ఇక వేళల సంగతి. న్యూయార్కులో ఉదయం తొమ్మిది గంటలంటే అక్టోబరులో మనకు సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారంనాడు వారు గడియారాలు ఒక గంట వెనక్కు తిప్పుకుంటారు. ఆనాటినుండి అదే తొమ్మిది మనకు ఏడున్నర. కాలిఫోర్నియా ఆసుపత్రి అయితే రాత్రి పదిన్నర. యిరవై రెండేళ్ళుగా ఆఫీసులో హాజరుపట్టీ చూచే మాకే యీ మార్పు తోచలేదు. ఆ నవంబరులో పిల్ల కోటు తొడుక్కుని, మేమంతా ఊపిరి బిగబట్టి, గంట ముందుగా కూర్చున్నాము. ముందుగా గనుక బ్రతికినాము. వసంతకాలంలో వారు గడియారం ముందుకు త్రిప్పుకున్నపుడు యిదే పొరపాటు చేస్తే గంట ఆలస్యమవుతుంది.

ఇంటర్వ్యూకు ముందు అక్కడ యిప్పటికే పనిచేస్తున్న రెసిడెంట్లతో ఒక పిచ్చాపాటీ వుంటుంది. అది వారి రాత్రివేళ. ఏడు గంటలకంటే మనకు తెల్లవారుజాము అయిదున్నర. మా అక్కగారు పూజగంట వాయించడం ఆ రోజులలో మానుకున్నది. సాయంకాలాలు కుక్కరు కూత వినపడకూడదని వంట అయిదింటికే ముగించేది. పక్కింటివారికి చెప్పి పెట్టినాము. కరెంటు పోతే ఇన్వర్టరు, ఇంటర్నెట్టు పోతే ఫోను. ముఖంమీద వెలుగు పడుటకు ఒక బల్లదీపం కొన్నాము.

మొదటి యేడు మేము చేసిన ఘనకార్యం ఒకటి చెప్పవలె. అడుగబోయే ప్రశ్నలకు జవాబులు పెద్ద అక్షరాలతో అట్టమీద వ్రాసి లాప్‌టాప్ వెనుక నిలబెట్టినాము. చదువుతూ వుంటే కన్ను కదిలే తీరు అవతలివారికి తెలిసిపోతుందని అప్పుడు మాకు తెలియదు. అట్టకంటె పెద్ద చిక్కు మాటలలో వచ్చినది. హౌస్ సర్జనుగా తాను చేసిన పని చెప్పేటపుడు పిల్ల ప్రతి వాక్యమూ 'మేము' అని మొదలుపెట్టేది. మేము రోగిని చూచినాము, మేము మందు మార్చినాము. మన యిండ్లలో పెద్దల యెదుట 'నేను' అనడం మర్యాద కాదని నేర్పినది మనమే గదా! ఒక డాక్టరు ఆమెను సూటిగా అడిగినాడట: ఆ పని చేసినది మీరా, మీ యూనిట్టా? పాపం, ఆ అర్ధరాత్రి సందేహం తలుచుకొని వారంరోజులు బాధపడినది. (యీ వ్యాసంలో మేము కూడ 'మేము' అనే వ్రాస్తున్నాము. అది వేరు సంగతి.)

ఆ యేడు నాలుగు ఇంటర్వ్యూలు. 2024 మార్చి 11వ తేదీ సోమవారం సాయంత్రం, స్థానం దొరకలేదని కబురు వచ్చినది. ఆ సంవత్సరం అమెరికా పౌరులు కాక బయట చదివిన అభ్యర్థులలో నూటికి 58 మందికి పైగా స్థానం దొరికినది. మిగిలినవారిలో మా పిల్ల ఒకతె. మా బావగారు రెండురోజులు మాట్లాడలేదు. మూడవనాడు, 'మళ్ళీ పెట్టమ్మా' అన్నారు. ఇంటర్వ్యూకు అమెరికా పోవలసిన రోజులే అయివుంటే ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు.

యీ పద్ధతికి లోపాలు లేకపోలేదు. పనిచేయబోయే ఊరిని, ఆసుపత్రి వసారాను, అక్కడివారు ఒకరినొకరు పలకరించుకొనే తీరును కంటితో చూడలేరు. ప్రయాణఖర్చు లేదు గనుక మంచి మార్కులవారు వచ్చిన ప్రతి పిలుపూ అందుకొని కూర్చుంటారు, వెనుకవారికి పిలుపులు తగ్గుతవి. అందుకనే దరఖాస్తుతోపాటు 'మాకు నిజంగా యీ ఆసుపత్రి కావలె' అని కొద్ది చోట్లకు మాత్రం సూచన పంపే ఏర్పాటు వచ్చినది. కొన్ని విభాగాలలో స్వయంగా రమ్మనడం తిరిగి మొదలైనది. అది అంతటా వ్యాపిస్తే మనవంటి యిండ్ల పిల్లలు మొదటి మెట్టుమీదనే ఆగిపోతారు. మా మట్టుకు తెరమీది పద్ధతే వుండవలెనని మా అభిప్రాయం.

ఇంటర్వ్యూల తర్వాత అభ్యర్థి తనకు నచ్చిన ఆసుపత్రులను వరుసగా వ్రాసి పంపవలె. ఆసుపత్రులూ అట్లే పంపుతవి. రెండు జాబితాలను కంప్యూటరు జతపరుస్తుంది. 1952 నుండి వున్న ఏర్పాటు యిది. మా ఆఫీసులో బదిలీకి మూడు ఊళ్ళు కోరుకోమంటే, దొరికే ఊరిని మొదట వ్రాసుకోవడం అలవాటు. అదే సలహా చెప్పినాము.

"కాదు మావయ్యా, యిక్కడ ఆ లెక్క లేదు" అన్నది.

ఆమె మాటే నిజం. 1998లో ఆల్విన్ రోత్, ఇలియట్ పెరాన్సన్ సవరించిన లెక్క ప్రకారం కంప్యూటరు అభ్యర్థి వరుసనే ముందు పట్టుకుంటుంది. మొదటిచోట దొరకకపోతే రెండవదానికి పోతుంది. అక్కడ అంతకుముందే ఎవరికైనా తాత్కాలికంగా చోటిచ్చి వున్నా, ఆసుపత్రివారికి వారికంటె యీమె నచ్చితే చోటు యీమెదే. కనుక పెద్ద ఆశను మొదట వ్రాసినందున నష్టం లేదు. యీ లెక్కకు మూలం 1962లో గేల్, షాప్లే వ్రాసిన వ్యాసం. అందులో వారు చెప్పినది కాలేజీ ప్రవేశాల గురించి, పెళ్ళిసంబంధాల గురించి! షాప్లేకు, రోత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చినది.

రెండవ యేడు అట్ట లేదు. 'నేను' అనడం అద్దం ముందు నేర్చుకున్నది. ఆరు ఇంటర్వ్యూలు జరిగినవి. ఒకదాని మధ్యలో కరెంటు పోయినది, ఇన్వర్టరు ఆదుకున్నది. 2025 మార్చి 17 సోమవారం స్థానం దొరికినదని తెలిసినది. ఎక్కడో తెలిసినది శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు. ఆమె వ్రాసిన వరుసలో అది మూడవది. మా అక్కగారు ఆ రాత్రివేళ పూజగంట వాయించింది.

వీసాకు మాత్రం మనిషి స్వయంగా పోవలసిందే. మన ఒడిశావారికి హైదరాబాదు కాన్సులేటు. మా బావగారు తోడు వెళ్ళినారు.

బల్లదీపం, ఇన్వర్టరు మా అక్కగారి యింటనే వున్నవి. యీ అక్టోబరులో అవసరమున్న సభ్యులు ఎరువు తీసుకొనిపోవచ్చును. కుక్కరు సంగతి ఎవరి యింట వారే చూచుకోవలె.