గోడెక్కే బండి

హైదరాబాద్ శివార్లలో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు డుగుడుగుమంటూ సాగే బుల్లెట్‌ను చూసి, దాని పుట్టుక రాళ్లూ బురదా ఎక్కే పోటీల్లో ఉందని ఎవరూ అనుకోరు. 1948 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో జరిగిన కోల్‌మోర్ కప్ ట్రయల్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒక కొత్త 350 సీసీ నమూనాను బరిలోకి దింపింది. ఆ రోజుల్లో చాలా మోటారు సైకిళ్లకు వెనక చక్రాన్ని నేరుగా ఫ్రేముకే బిగించేవారు. సీటు కింది స్ప్రింగులే నడిపేవాడి నడుముకు దిక్కు. ఈ నమూనాలో మాత్రం వెనక చక్రం పైకీ కిందికీ ఊగేలా అమర్చి, దానికి షాక్ అబ్జార్బర్లు తగిలించారు. వెనక స్ప్రింగు ఉంటే నేల మీద పట్టు పోతుందని ఆటలో ఆరితేరినవాళ్లే పెదవి విరిచారు.

అదే ఏడాది ఇటలీలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల ట్రయల్‌లో ఆ నమూనాలు నడిపినవారు బంగారు పతకాలతో తిరిగొచ్చారు. 1952లో జానీ బ్రిటన్ 350 సీసీ బుల్లెట్‌తో స్కాటిష్ ఆరు రోజుల ట్రయల్ గెలిచాడు. 1955లో మద్రాసులో బుల్లెట్లు తయారుచేయడానికి ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసింది. పోటీల్లో నిగ్గుతేలిన ఆ స్ప్రింగు అలా మన పొలాల గట్ల దాకా వచ్చింది. 2019లో ఆ వారసత్వాన్ని గుర్తు చేస్తూ కంపెనీ మన దేశంలో బుల్లెట్ ట్రయల్స్ పేరిట రెండు బళ్లు విడుదల చేసింది. చూడ ముచ్చటైనవే. కానీ రెండు వందల కిలోలకు కాస్త తక్కువ బరువుండే బండితో, నేటి ట్రయల్స్ పోటీల్లోలా నిట్టనిలువు గోడ ఎక్కడం కుదరని పని.

ట్రయల్స్ ఆటలో వేగానికి మార్కులు లేవు. రాళ్లు, మొద్దులు, వాగులతో గీసిన చిన్న దారిలో కాలు నేలకు ఆనకుండా వెళ్లాలి. ఒకసారి కాలు ఆనితే ఒక తప్పు, రెండుసార్లయితే రెండు, అంతకుమించి ఎన్నిసార్లు ఆనినా మూడు. పడిపోయినా, గీత దాటినా అయిదు. చివరికి ఎవరి ఖాతాలో తప్పులు తక్కువో వాళ్లదే గెలుపు. ఈ ఒక్క నియమమే డెబ్బై ఏళ్లలో బండి రూపాన్ని మార్చేసింది.

ఆ మార్పులో పెద్ద మలుపు 1964లో వచ్చింది. శామీ మిల్లర్ అనే ఐరిష్ రైడర్ తన 500 సీసీ ఏరియల్‌ను ఏళ్ల తరబడి చెక్కి చెక్కి సుమారు 110 కిలోలకు దించాడు. ఇక తగ్గించడానికి అందులో ఏమీ మిగల్లేదు. అప్పుడతను బార్సిలోనా వెళ్లి, బుల్టాకో కంపెనీ అధిపతి ఫ్రాన్సిస్కో బుల్టోతో కూర్చుని కొత్త బండికి రూపం పోశాడు. అదే షెర్పా టీ. 244 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, బరువు సుమారు 92 కిలోలు. 1965లో అతను దానిమీదే స్కాటిష్ ట్రయల్ గెలిచాడు. బ్రిటన్ వెలుపల తయారైన బండి ఆ పోటీ గెలవడం అదే మొదటిసారి. బరువైన నాలుగు స్ట్రోకుల బళ్ల రాజ్యం అక్కడితో సడలిపోయింది. 1975లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైనప్పుడు తొలి విజేత మార్టిన్ లాంప్‌కిన్ కూడా బుల్టాకోనే నడిపాడు.

1983లో యమహా తన టీవై 250కి వెనక రెండు షాక్‌ల బదులు ఒక్కటే పెట్టింది. బయటికి చిన్న మార్పే, కానీ ఎత్తులు ఎక్కే తీరు దాంతోనే మారింది. ఆ తర్వాత జోర్డీ టారెస్ అనే స్పెయిన్‌లోని కతలాన్ కుర్రాడు వచ్చాడు. అతను ముందు సైకిల్ ట్రయల్స్‌లో పెరిగినవాడు. ఇంజిన్ లేని సైకిల్‌ను ఒడుపుగా ఎగరేసి బండరాళ్ల మీదికి చేర్చినవాడికి మోటారు సైకిల్‌ను ఎగరేయడం వింతగా తోచలేదు. 1987 నుంచి 1995 మధ్య అతను ఏడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. స్పెయిన్‌కే చెందిన టోనీ బౌ 2007 నుంచి ఏటా ఆ కిరీటాన్ని నిలబెట్టుకుంటూ, నిలువెత్తు గోడలను మామూలు సంగతిగా మార్చేశాడు.

సైకిల్ నుంచి వచ్చినవాడు ఇంతగా రాణించడం వెనక ఒక భౌతిక సూత్రం ఉంది. మీటరు ఎత్తు గోడ తీసుకుందాం. బండి 70 కిలోలు, మనిషి 70 కిలోలు. ఆ బరువును మీటరు పైకి చేర్చడానికి సుమారు 1370 జూళ్ల శక్తి చాలు. నిట్టనిలువుగా పైకి లేవగలిగితే గంటకు 16 కిలోమీటర్ల వేగం సరిపోతుంది. ఈ పాటి శక్తి ఏ చిన్న ఇంజిన్ అయినా ఇస్తుంది. చిక్కంతా దిక్కుతో! నేల మీద తిరిగే చక్రం బండిని ముందుకే తోయగలదు, పైకి తోయలేదు. ముందుకు పోయే ఊపును పైకి తిప్పే పని షాక్‌లదీ, టైరుదీ, మనిషి మోకాళ్లదీ.

అందుకే ట్రయల్స్ బండికి సీటు ఉండదు. మనిషి ఎప్పుడూ ఫుట్‌రెస్టుల మీద నిలబడే ఉంటాడు, కాళ్లు వంచి చాచడానికి అడ్డేమీ ఉండకూడదు. పెట్రోలు ట్యాంకులో రెండు మూడు లీటర్లే పడతాయి. మామూలు బండి టైరులో 28-30 పీఎస్ఐ గాలి పడితే, దీని వెనక టైరులో నాలుగైదు మాత్రమే. రాయికి తగలగానే ఆ మెత్తని రబ్బరు అణిగి, గరుకుతనాన్ని పట్టుకుంటుంది.

నేర్చుకునేవాళ్లు మొదట పట్టుకునే ఒడుపును డబుల్ బ్లిప్ అంటారు. నడక వేగంతో గోడ దగ్గరికి వచ్చి, మోకాళ్లు వంచి, ఎక్సలరేటర్ ఒక్కసారి ఝుమ్మనిపిస్తే ముందు చక్రం లేస్తుంది. అది గోడ పైభాగాన తగలాలి. మరీ కిందికి తగిలితే బండి అక్కడే ఆగిపోతుంది, మరీ పైకి పోతే మనిషి వెనక్కి వాలిపోతాడు. చక్రం తగలగానే ముందు షాక్‌లు కుంగుతాయి, మనిషీ వాటితోపాటు కుంగుతాడు. అవి తిరిగి విచ్చుకునే క్షణంలోనే రెండోసారి ఎక్సలరేటర్, దాంతోపాటే కాళ్లతో ఎగురు. వెనక టైరు గోడ ముఖానికి కొట్టుకుని, పైకి పాకుతుంది. ముందుకు వచ్చిన ఊపు టైరును గోడకు అదిమి పట్టినంతసేపే ఆ పట్టు ఉంటుంది. ఆ వ్యవధి రెప్పపాటు కన్నా ఎక్కువేమీ కాదు. అందుకే ఎంత బలం పెట్టామన్నదానికన్నా ఎప్పుడు పెట్టామన్నదే ముఖ్యం.

ఇంకా ఎత్తయిన గోడలకు ముందు చక్రాన్ని ఆనించడం కుదరదు. గోడ ముందు దాదాపు ఆగి, వెనక షాక్‌ను ఒంటి బరువుతో అణిచి, ఇంజిన్‌ను పరుగెత్తించి క్లచ్‌ను ఒక్కసారిగా వదలాలి. బండి మొత్తం గాలిలోకి లేచి, వెనక టైరు గోడ నడుమ ఎక్కడో తగిలి అక్కడి నుంచి తోసుకుంటుంది. క్లచ్ మీద ఒకే వేలు ఉండడం ఇక్కడే అక్కరకొస్తుంది, మిగతా వేళ్లు హ్యాండిల్‌ను వదలకూడదు. ఎక్కుతూ ఎక్కుతూ బండి వెనక్కి పడడం మామూలే. మణికట్టుకు కట్టిన తాడు బండి నుంచి ఊడగానే ఇంజిన్ ఆగిపోతుంది. గోడ మీద బండిని అందుకోవడానికి ఒక తోడు మనిషి ఉంటాడు. ఈ రెండూ లేకుండా నడుమెత్తు గోడ జోలికి పోవడం ప్రాణాలతో చెలగాటం.

మేడ్చల్, శామీర్‌పేటల్లో దొరికే రాయి ఈ విద్యకు అనువైనదే. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు ఇది. గింజలు గింజలుగా గరుకుగా ఉండి టైరుకు బాగా పట్టునిస్తుంది. అయితే ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి గుండ్రంగా మారిన గుండ్లకు అడుగుభాగం లోపలికి పోయి ఉంటుంది. వెనక టైరు ఆనడానికి నిలువు ముఖమే దొరకదు, కొత్తవాళ్లకు అవి మొదటి మెట్టు కావు. పైగా ఆ గుండ్లు ఒకసారి చెడితే మళ్లీ రావు. వాటిని కాపాడుకోవడానికే హైదరాబాద్‌లో 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. క్వారీలో కోసి పడేసిన పలకలు, సిమెంటు తూములు, పడిపోయిన యూకలిప్టస్ మొద్దులు సాధనకు మేలైనవి. స్థలం యజమాని అనుమతితో, అడుగు ఎత్తున మొదలుపెట్టాలి. వెనక చక్రం అంచుకు గుద్దుకోకుండా పదేపదే సాఫీగా దాటాకే, రెండో పలక పేర్చాలి.