అమరావతి – దిన్నెలోనుండి పుట్టిన ఊరు

గుంటూరునకు ఉత్తరమున, కృష్ణానది దక్షిణపుటొడ్డున, అమరావతి యను చిన్న పట్టణమున్నది. ఈ పేరు వినగనే శ్రోతలు రెండువేల యేండ్ల నాటి నగరమును తలంతురు. స్థలము ప్రాచీనమే, ఊరు మాత్రము రమారమి రెండువందల యేండ్లనాటిది.

ప్రాచీననగరము దీనికి పడమట నున్న ధరణికోట. శాతవాహనుల నాటి ధాన్యకటకమదియే. అచ్చట 1962 మొదలు జరిగిన త్రవ్వకములలో నావలు నిలుచు రేవొకటి బయటపడినది. దానిని మొదట కొయ్యతోను, పిమ్మట ఇటుకతోను కట్టిరి. ఆ నగరము చెంతనే మహాచైత్యము వెలసెను. దాతలలో వర్తకులు, గృహస్థులే కాక విధికుడను చర్మకారుడును ఉన్నట్లు శాసనము చెప్పుచున్నది.

కాలక్రమమున చైత్యము మట్టిలో కలిసి దీపాలదిన్నె అయ్యెను. 18వ శతాబ్ది చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి, అమరేశ్వరాలయము చెంత క్రొత్త పట్టణమును కట్టించెను. ఇండ్లకు ఇటుక, రాయి కావలెను గదా! దిన్నెను త్రవ్వగా రెండును దొరికినవి. ఆ శిల్పములను పాలరాతివని అందురు గాని, అది పలనాటి సున్నపురాయి. కనుకనే వానిలో అనేకములు బట్టీల పాలైనవి.

సర్వేయరు కాలిన్ మెకంజీ ఈ దిన్నెను మొదట 1797లో చూచెను. 1816లో మరల వచ్చునప్పటికి దాని నడుమ చెరువు త్రవ్వబడి యున్నది. ఆయన పరివారము శిల్పములకు చిత్రములు వ్రాసిరి. పిదప నశించిన కొన్ని శిల్పములను మనము నేడు ఆ చిత్రములలోనే చూడగలము.

నింద యంతయు జమీందారుపై మోపుట న్యాయము కాదని మేము తలంతుము. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసునకును, అటనుండి 1859లో లండనునకును తరలినవి. 1880లో ప్రభుత్వమువారు మిగిలిన దిన్నెను త్రవ్వించినపుడు, ఏ రాయి ఎచ్చట దొరికినదో సరిగా వ్రాసికొననైనను లేదు. తరలిపోయిన రాతిని లండనులో నైనను చూడవచ్చును; చెరిగిపోయిన స్థానమును ఎవరు చెప్పగలరు?

ఇప్పుడచ్చట చైత్యపు అడుగుభాగమును, ఊరిలో పురావస్తు ప్రదర్శనశాలయు ఉన్నవి. 2015లో ఆంధ్రప్రదేశ్ క్రొత్త రాజధానికి ఈ పేరే పెట్టిరి. ఆ రాజధాని ప్రాంతము ఇచ్చటికి తూర్పుగా, నది వెంబడి యున్నది. చైత్యమును చూడగోరువారు మాత్రము బస్సు దిగవలసినది ఈ ఊరిలోనే.