కండముక్కకు మైనపు పోత



దేహమున లేచిన గడ్డ మంచిదో, పుట్టకురుపో తేల్చుటకు వైద్యులు చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుదురు. దానిని మిల్లీమీటరులో సుమారు 250వ వంతు మందమున పొరగా తీసినగాని సూక్ష్మదర్శినిలో కణములు చక్కగా కానరావు. మెత్తని కండను అంత పలుచగా కోయుట యెట్లు? ఫార్మలిన్‌లో నిలువచేసి, సారాయిసత్తుతో నీరు లాగి, జైలీన్‌లో ముంచి, పిమ్మట కరగిన పారఫిన్ మైనము నింకించి గడ్డకట్టింతురు. 1869లో క్లెబ్సు అను జర్మను వైద్యుడు పారఫిన్‌ను ఈ పనికి వాడెను. ఇది తేనెపట్టు మైనము కాదు. కిరసనాయిలు పుట్టిన గనినూనెదే.

మైనములందు భేదము కలదు. 54 మొదలు 60 డిగ్రీల నడుమ కరగు రకములు వాడుకలో నున్నవి. బెజవాడ రోహిణికార్తె యెండ 45 డిగ్రీలు దాటుటయు కలదు. అప్పుడు మెత్తరకము కరగకున్నను కత్తిక్రింద నలిగి పొర ముడుతలు పడును. కావున ఇచ్చట 58-60 రకము మేలని నా తలంపు. మరీ గట్టిదైనచో మెత్తని కండ పొర పొడిపొడియగును. ఎముకకు మాత్రము గట్టిదే తగును. కోయుటకు ముందు దిమ్మను మంచుమీద నుంచిన చాలవరకు చిక్కు తీరును.

కరగు వేడిమికి రెండు మూడు డిగ్రీలు మించి కాచిరా, కండ కుంచించి పెళుసగును. చౌకయని నలకల మైనము కొన్నచో కత్తివాదర చెడును, పొర చిరుగును. గోరంత ముక్క పాడైన రోగిని మరల కోయవలెను గదా!

మిగిలిన దిమ్మను ఏండ్లతరబడి భద్రపరతురు. మీ యూరివారు మరియొక వైద్యుని యభిప్రాయము కోరినచో, ఆ దిమ్మ నడిగి తీసికొనిపోవచ్చును.