క్లౌడ్‌లో మన అమానతు

ఫోన్‌లో చోటు పరిమితం. అందుకే ఫోటోలను, పత్రాలను ఎక్కడో దూరాన ఉన్న సంస్థల కంప్యూటర్లలో దాచుకుంటున్నాం. దీనినే క్లౌడ్ అంటున్నాం. మనల్ని అటువైపు నడిపిస్తున్నవేమిటి?

మొదటిది భయం. ఫోన్ పోయినా, పగిలినా పిల్లల ఫోటోలు పోకూడదన్న భయం. రెండవది సౌలభ్యం. మన దేశంలో 2015లో ప్రారంభమైన డిజిలాకర్ ద్వారా డ్రైవింగ్ లైసెన్సును ఫోన్‌లోనే చూపగలుగుతున్నాం. ప్రయోజనం, వాడకంలో సులువు కనిపిస్తేనే మనిషి కొత్త సాంకేతికతను స్వీకరిస్తాడని ఫ్రెడ్ డేవిస్ 1989లోనే ప్రతిపాదించారు.

మూడవది ఉచితం. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. గూగుల్ ఫోటోస్ ఒకప్పుడు నిర్ణీత నాణ్యతలో ఎన్ని ఫోటోలనైనా ఉచితంగా దాచేది. 2021 జూన్ 1 నుండి కొత్తగా చేర్చే ఫోటోలు 15 జీబీల ఉచిత పరిమితి లెక్కలోకి వచ్చాయి. అప్పటికే మనకు అలవాటు స్థిరపడింది. పరిమితి నిండితే రుసుము చెల్లించడమో, కొన్నింటిని తొలగించుకోవడమో తప్పదు. అంతేకాదు, రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించవచ్చని గూగుల్ నిబంధనలు చెబుతున్నాయి. ఇంటి పెద్ద కన్నుమూస్తే, ఆయన పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే, ఆ కుటుంబపు జ్ఞాపకాల గతి ఏమిటి?

నమ్మి ఇతరుల వద్ద ఉంచిన సొత్తు అమానతు. దాచేవారికే కాదు, అప్పగించేవారికీ జాగ్రత్త అవసరం. ముఖ్యమైన వాటి రెండవ ప్రతిని ఇంట్లో హార్డ్ డిస్కులో ఉంచుదాం. గూగుల్ ఖాతాలోని ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’లో నమ్మకమైన కుటుంబ సభ్యుని వివరాలు నమోదు చేద్దాం. ఈ రెండు పనులనూ ఈ నెలలోనే పూర్తి చేద్దాం.