ధమనిలో ఫలకం: ఇరుకుదనం ఒక్కటే కొలత కాదు

గుండెపోటు వచ్చిన రోగి బంధువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “పోయిన ఏడాదే పరీక్ష చేయించాం, అడ్డంకి నలభై శాతమే అన్నారు కదా?” నీటిగొట్టంలో పాచి పేరుకొన్నట్టు ధమని క్రమంగా మూసుకుపోతుందనే ఊహ ఈ ప్రశ్నకు మూలం. వైద్యులమైన మేము కూడా చాలాకాలం ఆ ఊహతోనే పనిచేశాం.

ఫలకం, అంటే ప్లాక్, పెరిగేది దారిలో కాదు, ధమని గోడలో. అది పెరిగేకొద్దీ ధమని వెలుపలికి ఉబ్బి దారిని కాపాడుకొంటుందనీ, లోపలి స్థలంలో దాదాపు 40 శాతాన్ని ఫలకం ఆక్రమించేదాకా దారి ఇరుకు కాదనీ 1987లో సేమూర్ గ్లాగోవ్ బృందం చూపింది. యాంజియోగ్రామ్‌లో కనిపించేది దారి మాత్రమే. ప్రమాదం ఉన్నదేమో కొవ్వు గుజ్జులోనూ, దానిమీది పలుచని నారపొరలోనూ. ఆ పొర చిరిగి గుజ్జు రక్తాన్ని తాకితే నిమిషాల్లో గడ్డ కడుతుంది.

అల్ట్రాసౌండ్ ప్రత్యేకత ఇక్కడే. మెడలోని కెరోటిడ్ ధమనులు చర్మానికి దగ్గరగా ఉంటాయి. సున్నం, నార ధ్వనిని బలంగా ప్రతిధ్వనించి తెరపై తెల్లగా మెరుస్తాయి; కొవ్వు, ఫలకంలోకి స్రవించిన రక్తం నల్లగా ఉండిపోతాయి. చూడగానే భయపెట్టే తెల్లటి ఫలకం సాధారణంగా నిలకడైనది. పక్కనున్న రక్తంలో కలిసిపోయి కనిపించీ కనిపించని నల్లటిదే అనుమానించదగ్గది. ధ్వనితరంగంతో గోడను సుతారంగా నెట్టి, అది ఎన్ని మైక్రాన్లు కదిలిందో కొలిచే పద్ధతి కూడా ఉంది. మామిడిపండును బొటనవేలితో నొక్కి చూడడం లాంటిదే. రిపోర్టులో మాత్రం ఎక్కువగా అచ్చయ్యేది డాప్లర్ చెప్పే రక్తవేగమూ, దాన్నిబట్టి అంచనా వేసిన శాతమూ.

గుండె ధమనులు లోతుగా ఉంటాయి, పైగా నిరంతరం కదులుతుంటాయి. అక్కడికి కేథటర్ చివర అమర్చిన అల్ట్రాసౌండ్‌ను పంపాలి. 2011లో వెలువడిన ప్రాస్పెక్ట్ అధ్యయనం 697 మంది రోగులను ఇలా పరీక్షించి మూడేళ్లపాటు గమనించింది. మళ్లీ వచ్చిన హృద్రోగ ఘటనల్లో దాదాపు సగం, మొదట చికిత్స అవసరం లేదని వదిలేసిన చోట్లనుంచే వచ్చాయి. అయితే పెద్ద ఫలకం, ఇరుకు దారి, పలుచని పొర అనే మూడు లక్షణాలూ ఉన్న చోట్ల కూడా మూడేళ్లలో ఘటనకు కారణమైనవి సుమారు 18 శాతమే. తక్కినవి మౌనంగా ఉండిపోయాయి. పైగా 65 మైక్రాన్లకన్నా పలుచనైన పొరను ఆ అల్ట్రాసౌండ్ నేరుగా చూడలేదు, ఊహించగలదంతే.

అందుకే సెలవులకు హైదరాబాదు వెళ్లినప్పుడు ‘ఫుల్ బాడీ చెకప్’లో భాగంగా మెడకు డాప్లర్ చేయించుకోవడాన్ని నేను ప్రోత్సహించను. లక్షణాలు లేనివారికి కెరోటిడ్ స్క్రీనింగ్ వద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2021లోనూ పునరుద్ఘాటించింది. ఒక కన్ను కాసేపు మసకబారినా, మాట తడబడినా, ఒక చేయి పట్టుతప్పినా సంగతి వేరు. అది తగ్గిపోయినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ఇంకొక మాట. స్టాటిన్ వాడుతున్నవారిలో కొవ్వు తగ్గి, నార, సున్నం పెరిగి ఫలకం గట్టిపడవచ్చు. “సున్నం పెరిగింది, మందు పనిచేయడం లేదు” అనుకొని మాత్ర మానేసేవారిని చూస్తుంటాను. చాలాసార్లు ఆ సున్నమే మందు పనిచేస్తోందనడానికి గుర్తు.