న్యూయార్క్‌లో ఓడి, నారాయణపేటలో గెలిచిన ఫోన్

1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బెల్ కంపెనీ పిక్చర్‌ఫోన్‌ను జనం ముందు పెట్టింది. మనిషిని చూస్తూ మాట్లాడే ఫోన్ అది. ఆ జూన్‌లోనే న్యూయార్క్, వాషింగ్టన్, చికాగోలలో బూత్‌లు తెరిచారు. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు మూడు నిమిషాల మాటకు 16 డాలర్లు. 1970లో పిట్స్‌బర్గ్ ఆఫీసులకు నెలకు 160 డాలర్ల చొప్పున ఇచ్చారు. తీసుకున్నవాళ్లు కొద్దిమందే.

ధర ఒక్కటే దాన్ని ముంచిందని నేననుకోను. ఒకే ఊళ్లో ఉండి, రేపో మాపో ఎలాగూ కలిసే ఇద్దరు అధికారులకు ఫోన్‌లో మొహాలు కనబడకపోతే వచ్చిన లోటేమిటి? కళ్లారా చూసుకోవాలని తపించే జంటలు వేరే ఉన్నాయి. పాలమూరు నుంచి ముంబైకో పుణెకో మట్టిపనికి, బిల్డింగు పనికి పోయినవాళ్లు, ఊళ్లో మిగిలిన వాళ్ల భార్యలు. దేవరకొండ తండాలో తల్లి, పట్నంలో ఆటో నడిపే కొడుకు. వీళ్ల దాకా రావడానికి ఆ యంత్రానికి యాభై ఏళ్లు పట్టింది.

అడ్డం పడ్డది బొమ్మ బరువు. 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు ఉన్న చిన్న తెరనే తీసుకుందాం. సెకనుకు 30 బొమ్మలను ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే దాదాపు 3 కోట్ల 65 లక్షల బిట్లు కావాలి. మాట ఒక్కటే అయితే 64 వేలు చాలు. అంటే ఒక జంట చూసుకోవడానికి 570 మాటలు పోయే దారి కావాలి.

ఆ బరువు దించిన లెక్క పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బెంగళూరులో పుట్టి, అమెరికాలోని కాన్సాస్‌లో పాఠాలు చెప్పిన నసీర్ అహ్మద్ 1972లో దీని మీద పనికి నిధులడిగారు. ఆలోచన మరీ సాదాగా ఉందని ఇవ్వలేదు. ఆయన వదల్లేదు. శిష్యుడు నటరాజన్, టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న మిత్రుడు కామిశెట్టి రామమోహనరావులతో కలిసి 1974 జనవరిలో వ్యాసం ప్రచురించారు. రామమోహనరావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకుని వెళ్లినవారు. ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

బొమ్మను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిని అలల కలయికగా రాస్తారు. చెంప నునుపు, గోడ రంగు లాంటివి నిదానంగా మారే అలలు. అవి కొన్నే, వాటిని ఉంచుకుంటారు. మరీ సన్నని అలలను కన్ను పెద్దగా పట్టించుకోదు కాబట్టి తీసేస్తారు. 1988 నాటి హెచ్.261 ప్రమాణం దీనికి ఇంకో ఉపాయం కలిపింది: ముందటి బొమ్మకూ ఇప్పటి బొమ్మకూ మారినంత మేరకే పంపడం. వెనక గోడ కదలదు, పెదాలు కదులుతాయి. ఆ కదిలిన మేరకే పంపితే చాలు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, నవంబర్‌లో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. ఆ తర్వాత పల్లెకు ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

నారాయణపేట జిల్లా మక్తల్ వైపు ఒక ఇంటి అరుగు మీద ఒకామె వీడియో కాల్‌లో మాట్లాడుతోంది. భర్త పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. తన మొహం కాసేపే చూపించి, ఫోన్ కొట్టం వైపు తిప్పేసింది.

“ఇగో, బర్రె ఈనింది సూడు. పెయ్యదూడ.”

“లేసి నిలవడ్డదా?”

“ఆఁ, పాలు తాగుతుంది.”

“కాళ్లు సూపియ్. జర దగ్గరికి వట్టు... గళ్లు గళ్లే కనవడుతున్నయ్.”

కెమెరా తెరకు పైన ఉంటుంది. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తే, ఆ మనిషికి మనం కిందికి చూస్తున్నట్టు కనబడుతుంది. పిక్చర్‌ఫోన్ నాటి ఈ లోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇద్దరూ కలిసి దూడను చూస్తున్నప్పుడు మాత్రం దానితో పనిలేదు. చూసేది ఒక్కటే కాబట్టి మాట సాఫీగా సాగుతుంది.

మరి ఆ గళ్లు? అవి పైన చెప్పిన లెక్కలోవే. సన్నని అలలు పోయేందుకు దారి చాలక మోటు అలలే మిగిలితే, గడికి గడి విడిపోయి బయటపడుతుంది. అదే సమయంలో ఆమె తెర మీద ఆయన మొహం అద్దంలో ఉన్నంత స్పష్టంగా ఉంది. కాల్ ఒకటే, దారులు రెండు. టవర్ పదుల వాట్లతో పంపుతుంది. చేతిలోని మామూలు 4జీ ఫోన్ మహా అయితే వాటులో అయిదో వంతుతో పంపగలదు. పైగా నెట్‌వర్క్‌లు డౌన్‌లోడ్‌కే ఎక్కువ చోటు ఇస్తాయి. అందుకే టవర్‌కు దూరంగా ఉన్న ఊళ్లోకి బొమ్మ దిగుతుంది గానీ, ఊళ్లో నుంచి బొమ్మ ఎక్కదు.

డౌన్‌లోడ్ అంకె ఒక్కటే చూసి సిగ్నల్ బాగుందంటే ఈ తేడా బయటపడదు. కోస్గి, మక్తల్, దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో చివరి ఇంటి ముందు నిలబడి అప్‌లోడ్ కొలవాలి. అది చాలకపోతే టవర్ అక్కడికే రావాలి.